గీతల్లేని కాపీ

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ముప్పై ఏళ్ళుగా అందరి చూపూ సరిచేసి పంపినవాడు, ఆదివారం పూట పాత పుస్తకాల కొట్లో మాత్రం చూస్తున్నదాన్ని చూడనట్టు నటించేవాడు. ఇందులో తప్పేమీ లేదు. పాత పుస్తకాలు వేటాడే వాళ్ళందరిదీ అదే తీరు. కావలసింది కంటపడితే దాన్ని వదిలేసి పక్కదాన్ని తీయాలి, నాలుగు పేజీలు తిప్పాలి, పెదవి విరవాలి. ఫలానాది కావాలని నోరు జారారా, పక్కన నిలబడ్డ ఇంకో వేటగాడు గద్దలా తన్నుకుపోతాడు.

తొమ్మిదేళ్ళుగా అతను ఆ కొట్టుకు వస్తున్నాడు. మాయలూ, మంత్రాలూ, రెక్కల గుర్రాలూ ఉన్న పుస్తకాలే తిరగేస్తాడని కొట్టాయన అతనికి మాంత్రికుడని పేరు పెట్టాడు. చొక్కా జేబులో భూతద్దం తప్ప ఆ మనిషిలో మాంత్రికుడి లక్షణం ఒక్కటీ లేదు.

కొట్టాయనా తక్కువవాడు కాదు. పుస్తకాలను ఎత్తుల వారీగా పేరుస్తాడు, గోడ చూడముచ్చటగా ఉండాలట. దాంతో పశువైద్యం పక్కన రాక్షసుల కథ, దాని పక్కన కుట్లు అల్లికలు. మొదటి ముద్రణలు, అట్ట నలగనివి, బొమ్మలు ఊడనివి మాత్రం తన కుర్చీ వెనక అద్దాల బీరువాలో ఉంటాయి. ఆ బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

మాంత్రికుడు వెతికేది ఒక్కటే, 'ఉప్పుకోట' అయిదు భాగాలు. ఏ కాపీ పడితే ఆ కాపీ కాదు, అక్క కాపీ.

అతనికి ఎనిమిదేళ్ళప్పుడు, అక్కకు పద్నాలుగు. వేసవి మధ్యాహ్నాల్లో అమ్మ పనికి వెళ్తే, తమ్ముణ్ణి ఎండలోకి పోకుండా ఆపడానికి అక్క ఆ కథ చదివేది. పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర కొన్నవి, అయిదో భాగంలో చివరి రెండు కాగితాలు లేవు. రాకుమారి కోట దాటి ఒడ్డుకు వస్తుంది, అక్కడ గుడ్డి పడవవాడు ఉంటాడు, అంతే. అక్క ఊరుకునే రకమా? ఊడిన అట్టను ఎర్రదారంతో కుట్టి, వెనకున్న తెల్లకాగితం మీద పెన్సిలుతో తనే ముగింపు రాసింది. ఎన్నిసార్లు చదివినా తమ్ముడు పడవ దగ్గరికి వచ్చేసరికి గుర్రు పెట్టేవాడు. ముగింపు ఒక్కసారీ వినలేదు.

పెద్దయ్యాక, ఇల్లు మారేటప్పుడు, ఆ అయిదింటినీ పాత పేపర్లతో కలిపి తూకానికి వేసింది కూడా ఈ మహానుభావుడే. అక్క ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు అక్క అతని ఇంట్లోనే ఉంటోంది. జ్ఞాపకం ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ పోతోంది. ముందు వంట మరిచింది, తర్వాత వీధి, ఆపైన పోయిన భర్త పేరు. ఉప్పుకోట ఎందుకు మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. కిటికీ దగ్గర కూర్చుని అడిగేది.

"ఒరేయ్, పడవ దగ్గరికి వచ్చిందిగా. తర్వాతేమైంది?"

"పడవెక్కి వెళ్ళిపోయిందక్కా."

"కాదు."

"కోటకి తిరిగొచ్చి రాణీ అయింది."

"కాదురా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తొమ్మిదేళ్ళలో అతను అల్లిన ముగింపులు అచ్చు వేస్తే ఆరో భాగం అయ్యేది. ఒక్కటీ అక్కకు పట్టలేదు. చూపు మసకేస్తే అద్దం మార్చగలడు. దీనికి ఏ అద్దం వేయాలి?

అందుకే ఆ వెతుకులాట. కొట్లో మాత్రం కడుపులో మాట బయటపెట్టలేదు. పైగా అనుమానం రాకూడదని ఇంకో నాటకం మొదలుపెట్టాడు. పెన్సిలు గీతలున్న పుస్తకం చేతికి వస్తే చాలు, ముఖం చిట్లించేవాడు. "ఎవడండీ ఈ పుణ్యాత్ముడు, పుస్తకాన్ని పలక చేశాడు? నాకు గీతల్లేని కాపీ అయితేనే చూపించండి" అనేవాడు. నిజానికి ఆ వంకతో ప్రతి చేతిరాతనూ దగ్గరగా చూసుకునేవాడు. వెర్రి తెలివి అంటే ఇదే.

ఆ ఆదివారం గడప తొక్కేసరికి కొట్టాయన పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"రండి మాంత్రికులుగారూ! మీ ముఖం చూసి రెండు వారాలైంది. మీకోసం ఒకటి దాచాను."

మొలతాడు తాళంచెవితో బీరువా తెరిచి అయిదు పుస్తకాలు బల్ల మీద పెట్టాడు. ఉప్పుకోట! అయిదోదాని వీపు మీద వంకరటింకరగా ఎర్రదారం కుట్టు. మాంత్రికుడు అలవాటు చొప్పున పెదవి విరవబోయాడు గానీ, పెదవి మాట వినలేదు.

"ఎవరిదో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికాయండీ. మంచి ముద్రణ, కానీ ఎవరో పిల్ల వెనకంతా పెన్సిలుతో బరికేసింది. మీకు గీతలంటే ఒళ్ళుమంటగా! మూడు రోజులు కూర్చుని మెత్తటి రబ్బరుతో తుడిచాను. ముడతలు పోవడానికి వారంరోజులు బరువు కింద పెట్టాను. చివరి కాగితాలు లేకపోతే, ఇంకో చిరిగిన కాపీలోవి తెచ్చి అతికించాను. ఇప్పుడు చూడండి, కడిగిన ముత్యం!"

అతను వెనక కాగితం తెరిచాడు. తెల్లగా ఉంది.

ఏమని తిట్టాలి? ఆ ముసలాయన వేళ్ళకు ఇంకా రబ్బరు పొడి అంటుకుని ఉంది. తొమ్మిదేళ్ళలో తను అడిగిందే ఆయన చేశాడు, అడగని మేలు కూడా చేశాడు. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు, పాపం కొట్టాయన మట్టి చదును చేసి పెట్టాడు.

"నచ్చలేదా?" కొట్టాయన ముఖం వాడిపోయింది.

"చాలా బాగుందండీ" అన్నాడు అతను. ఆ కొట్లో అతనాడిన చివరి అబద్ధం అదే.

ఇంటికి వచ్చి, కాగితాన్ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి భూతద్దంతో వెతికాడు. బరువు కింద నలిగి, పెన్సిలు నొక్కిన గాట్లన్నీ పూడిపోయాయి. 'చెయ్యి' అన్న ఒక్క మాట దొరికింది. ఎవరి చెయ్యో, ఎవరు పట్టుకున్నారో తెలియలేదు. ఎండ దిగిపోయేదాకా చూశాడు, రెండో మాట దొరకలేదు.

అక్క పక్కకు వచ్చి కూర్చుంది. ఎర్రదారాన్ని వేలితో తడిమింది.

"నా కుట్టు" అంది.

అతని ప్రాణం లేచివచ్చింది. అతికించిన కాగితాలు గబగబా చదివి వినిపించాడు, రచయిత రాసిన అసలు ముగింపు. రాకుమారి పడవెక్కుతుంది, ఉప్పుకోట కరిగి సముద్రంలో కలిసిపోతుంది. నిజం చెప్పాలంటే ముగింపు బాగుంది.

"కాదు" అంది అక్క. "నీకేం తెలుసు? నువ్వు నిద్రపోయావు."

"ఈసారి నిద్రపోనక్కా. ఒట్టు. నువ్వే చెప్పు."

ఆమె పుస్తకం తనే తిప్పి, తుడిచేసిన వెనక కాగితం తెరిచి, తమ్ముడి ఒళ్ళో పెట్టింది. చిన్నప్పటి విసుగే ఆ గొంతులో.

"రాశానుగా. చదువుకో."