సంతపూర్ చేనులో బొట్టు పెట్టుకున్న ప్రొపెల్లర్లు

వణికే వీడియో అంటే నాకు ఒళ్ళు మంట. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ డ్రోన్ కెమెరా ఎగరేసి బతికేదాన్ని, ఆ మాత్రం మంట ఉండాలి కూడా. అందుకే డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్వరూప బీదర్ నుంచి ఫోన్ చేసి, "శైలూ, ఎళ్ళ అమావాస్యకు నీ డ్రోన్ పట్టుకొని రావాలె, మా అత్తమ్మ కోసం" అనగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "గాలి ఎట్లుంటది అక్కడ?" అని. "ముందు మనుషులు ఎట్లున్నరో అడుగవే తల్లీ!" అని తిట్టింది. ఆ తిట్టులోనే సగం ప్రయాణం ఖాయమైపోయింది.

చలికాలంలో వచ్చే ఈ అమావాస్య బీదర్ చుట్టుపక్కల పెద్ద పండగ. ఆ రోజు ఇంట్లో పొయ్యి దగ్గర తినరు. వంటంతా గంపలకెత్తుకొని చేనుకు పోతారు. అక్కడ పూజ చేసి, అంబలీ బజ్జీ కలిపి చేను గట్టు వెంట చల్లుకుంటూ ఒక చుట్టు తిరిగి వస్తారు. దాన్ని చరగ చల్లడం అంటారు. ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. స్వరూప అత్తగారు నర్సమ్మ సంతపూర్‌కు కోడలిగా వచ్చిన ఏడాది నుంచి ఆ చుట్టు ముందు నడిచేది ఆమేనట. ఈసారి మోకాలికి ఆపరేషన్ అయింది. నల్లరేగడి పెళ్ళల మీద కాలు పెట్టొద్దన్నాడు డాక్టర్. "పెద్ద కొడుకు నడుస్తడట, తను మంచం మీద కూసుండాల్నట. వారం నుంచి మాట్లాడ్తలేదు శైలూ. మంచం మీద నుంచే చుట్టంత సూపిస్తె..." అంది స్వరూప. నాకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి బీదర్‌కు జహీరాబాద్ మీదుగా బస్సులు బాగానే ఉన్నాయి. ఆగుతూ సాగుతూ మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. టికెట్టు మూడు వందలకు అటూ ఇటూ. ట్రైను కూడా ఉంది గానీ, నా డ్రోన్ పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చోవాలి కాబట్టి నాకు బస్సులో కిటికీ సీటే సుఖం. పండగ ముందు రోజు మధ్యాహ్నం బీదర్‌లో దిగి, ఆటోలో ఊరి పక్కనున్న కొల్హార్ వెళ్ళాను. స్వరూప అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తుంది. మొగుడు షిఫ్టుకు పోయాడు. ఇల్లంతా నువ్వుల పొడి, పల్లీల పొడి వాసన. నేను వంటింటి బల్ల మీద సగం ఆక్రమించి నా పని మొదలుపెట్టాను.

మీలో డ్రోన్ ఉన్నవాళ్ళ కోసం ఆ పని కొంచెం చెప్తాను. నాది రెక్కలు మడవని పాత రకం. నాలుగు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి రెండు రెక్కలు. ఒక రెక్క ఇంకో రెక్క కన్నా రవ్వంత బరువున్నా సరే, అంత వేగంలో తిరిగేసరికి డ్రోన్ ఒళ్ళంతా జలదరిస్తుంది. కెమెరాకు ఆ జలదరింపు అంటితే బొమ్మంతా జెల్లీలా కదులుతుంది. అందుకని రెండు అయస్కాంతాల మధ్య నిలబడే సన్నటి కడ్డీకి ప్రొపెల్లర్‌ను గుచ్చి చూస్తాం. బరువైన రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు ఆ రెక్కను ఉప్పు కాగితంతో కాస్త అరగదీయాలి, లేదా తేలిక రెక్కకు చిన్న టేపు ముక్క అంటించాలి. నాలుగూ ఎటూ దిగకుండా అడ్డంగా నిలిచేసరికి చీకటి పడింది. "మా అత్తమ్మ రొట్టెలు కొట్టేటప్పుడు గూడ గింత సతాయించదు" అంది స్వరూప. దెప్పితే దెప్పిందిలే, నాకు మాత్రం కడుపు నిండినట్టయింది.

పొద్దున ఏడింటికి ఖాజా భాయ్ జీపు వచ్చింది. రోజంతటికీ పెట్రోలుతో కలిపి రెండు వేల రెండొందలకు ఒప్పుకున్నాడు. ఔరాద్ బస్సెక్కినా సంతపూర్‌లో దిగొచ్చు, చాలా చవక. పెట్టెలూ గంపలూ ఉన్నవాళ్ళకు జీపే మేలు. ఎక్కుతూనే ఆయన నా పెట్టె చూసి, "అమ్మా, గిది బీదర్‌ల మాత్రం ఇప్పకండి. పైన ఫౌజీ జహాజులు తిరుగుతయ్. మనం పరేషాన్ అయితం" అన్నాడు. నిజమే. ఊరి పక్కనే వైమానిక స్థావరం ఉంది. కోట ఎంత నోరూరించినా అక్కడ ఎగరేయకూడదు. సంతపూర్ దగ్గరి చేను డ్రోన్ల అనుమతి మ్యాప్‌లో, ఎగరేయొచ్చని చెప్పే పచ్చరంగులోనే ఉందని నేను ముందే చూసుకున్నాను. మీరూ చూసుకోండి. దారి పొడవునా మనుషులే. బండ్లల్లో, ట్రాక్టర్లల్లో, నెత్తిన గంపలతో, ఊళ్ళకు ఊళ్ళే చేలకు నడిచిపోతున్నట్టుంది. ఎవరితోనూ పరిచయం లేదు, అయినా అందరూ చేతులూపుతున్నారు. నాకు పట్టలేనంత హుషారొచ్చింది.

చేను చేరేసరికి పదయింది. నడుము ఎత్తు జొన్న, మధ్యలో కుసుమ సాళ్ళు, ఆ పక్కన శనగ. జొన్న సొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో పంచపాండవులని అయిదు రాళ్ళకు సున్నం పూసి నిలబెట్టారు. గుడిసె పక్కన నులక మంచం మీద, కాలు చాపుకొని, ఎర్రంచు పచ్చ చీరలో నర్సమ్మ. "నువ్వేనా బిడ్డా, మోటరు పక్షిదానివి?" అంది. నవ్వలేదు. పక్కనే పెద్ద కొడుకు బాలయ్య తలకు తువాలు చుట్టుకొని నిలబడ్డాడు. "అక్కా, జెల్ది గానియ్. రాత్రి సంది ఉపాసమున్న" అన్నాడు. వాళ్ళమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

నడవలేకపోయినా పూజ మాత్రం తనే చేస్తానంది నర్సమ్మ. కొడవళ్ళు, పార, బోరు స్టార్టర్ మూత, అన్నీ మంచం దగ్గరికే తెచ్చిపెట్టారు. ఒక్కోదానికి తడి పసుపు మెత్తి, మీద కుంకుమ పెడుతోంది. "నీ పక్షిని గూడ పెట్టు" అంది. నేను మురిసిపోయి పెట్టాను. పెట్టి, ఎగరేయడానికి చదునైన చోటు వెతకడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాలుగు ప్రొపెల్లర్లకూ నాలుగు బొట్లు. ఒక్కో ప్రొపెల్లర్‌కు ఒక్కటి, ఒక్క రెక్క కొసన, ఉసిరికాయంత కాకపోయినా శనగగింజంత పసుపు ముద్ద. చూడముచ్చటగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాను. ముందు రోజు సాయంత్రమంతా రవ్వంత బరువు కోసం కొట్టుకుచచ్చిన మనిషిని, ఆ శనగగింజలు చూసి నా బుర్ర కొంచెమైనా పనిచేయలేదు!

కెమెరా చూసేదంతా కనిపించే ట్యాబ్ నర్సమ్మ ఒళ్ళో పెట్టి, మనుషులకు దూరంగా నడిచి ఎగరేశాను. శబ్దమే తేడాగా ఉంది, గొంతులో కిచకిచ ఉన్నట్టు. పొడి కుంకుమ గాల్లోకి లేచింది, పసుపు మాత్రం అంటుకునే ఉంది. మంచం దగ్గర్నుంచి నర్సమ్మ కేక వినిపించింది. "గిదేంది స్వరూపా, మన చేను ఉడుకుతాంది?" పరుగెత్తి వెళ్ళి చూశాను. ఓరి దేవుడా! జొన్నంతా పాకంలా కుతకుతలాడుతోంది. గట్టు వంకర్లు తిరుగుతోంది. దించేశాను. కారణం అప్పుడు తెలిసింది. చేతిరుమాలు తడిపి మొదటి బొట్టు మీద పెట్టబోయానో లేదో, "ఏయ్, ఆగు!" అంది నర్సమ్మ. "పండుగ పూట పెట్టిన బొట్టు తుడుస్తవా? నడువనియ్యకపోతిరి. నేను జేసిన ఒక్క పని గూడ తుడిచేస్తరా?"

స్వరూప ముఖం నా వైపు తిప్పింది, ఏదో ఒకటి చెయ్యమన్నట్టు. అవతలి రెక్కకు టేపు వేద్దామంటే, టేపు చుట్ట కొల్హార్‌లో వంటింటి బల్ల మీద ఉండిపోయింది. ఎండ నెత్తిమీదికి వస్తోంది. పక్క చేలల్లో అప్పుడే చరగ కేకలు మొదలయ్యాయి. బాలయ్య ఆ వైపు ఒకసారి, అన్నం గంప వైపు ఒకసారి చూస్తున్నాడు. అప్పుడు తట్టింది. తుడవక్కర్లేదు కదా! "పెద్దమ్మా, రెండో రెక్కకు గూడ పెట్టు. గది తేలికైపోయింది" అన్నాను. ఆమె కళ్ళు చిన్నవి చేసి, "రెండు రెక్కలకు రెండు బొట్లని ముందుగాల్నే చెప్పొద్దా? నాకేం ఎరుక, నాలుగు పంకలకు నాలుగు పెట్టిన!" అంది. అక్షరాలా నిజం, తప్పు నాదే.

బయట గాలికి కడ్డీ నిలవదు. ఖాజా భాయ్ జీపు ముందు సీట్లో నర్సమ్మను కూర్చోబెట్టి, కాలు కింద దిండు పెట్టి, అద్దాలన్నీ ఎత్తేశాం. పెట్టెలో కడ్డీ మాత్రం ఉంది, అది నేను మర్చిపోను. ప్రొపెల్లర్ గుచ్చి పట్టుకుంటే, ఆమె ఉంగరపు వేలితో పసుపు పెట్టడం. "ఇగో, అటు దిగుతాంది." "ఇంకింత పెట్టు పెద్దమ్మా." "ఇప్పుడు ఇటు దిగుతాంది గదా, నీ పక్షికి నాకంటె నఖరాలు ఎక్కువున్నయ్!" మొదటిది అడ్డంగా నిలిచినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. రెండోది నిలిచేసరికి నవ్వింది. వారం తర్వాత నవ్వడం అది, వెనక సీట్లో స్వరూప నా భుజం గిల్లింది. ఎండితే పసుపు బరువు తగ్గుతుంది కాబట్టి, నాలుగింటినీ బానెట్ మీద ఎండబెట్టి మళ్ళీ తూచాం. మూడోదానికి గోటితో గీకినంత తేడా వచ్చింది. ఆమె చూసి, "ఇటు దిక్కు తక్కువైంది" అని నాకన్నా ముందే వేలు ముంచింది. చెమటతో ఇద్దరం తడిసి ముద్దయ్యాం. బాలయ్య అద్దం మీద తట్టి, "అమ్మా, బిడ్డలు చస్తున్నరు ఆకలికి" అంటే, "చావరు లే, నాకెరుకే!" అంది లోపలి నుంచి.

నర్సమ్మను మళ్ళీ మంచం మీదికి చేర్చి ట్యాబ్ ఒళ్ళో పెట్టాం. ఈసారి ఎగిరినప్పుడు ఒకటే సన్నటి హోరు, ఏ కిచకిచా లేదు. ట్యాబ్‌లో జొన్న జొన్నలాగే నిలబడింది. నేను మనుషులకు పక్కగా, కాస్త ఎత్తున నడిపిస్తున్నాను. బాలయ్య చరగ గిన్నె పట్టుకొని గట్టెక్కాడు, వెనక తమ్ముళ్ళూ మరదళ్ళూ. నర్సమ్మ ట్యాబ్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత మెల్లగా, "గింతుందా మన చేను? గట్టు మీద నడిచినన్ని దినాలు ఎన్నడు గిట్ల సూడకపోతి" అంది. అంతలోనే ముఖం మారిపోయింది. "స్వరూపా, ఫోన్ కొట్టు వానికి!" ఫోన్ అందుకొని, "ఒరేయ్ బాలయ్యా, తుమ్మచెట్టు మూల దాటిపోతివి. ఏదిరా అక్కడ చరగ? వెనుకకు రా!" అని అరిచింది. తెర మీద చిన్న మనిషి ఠక్కున ఆగిపోయాడు, పైకి చూశాడు, తువాలు సర్దుకొని వెనక్కి నడిచి ఆ మూలన చల్లాడు. చేనంతా నవ్వులే నవ్వులు. అక్కడి నుంచి ప్రతి మూలా ఆమె చెప్పిందే. ఎక్కడ శనగ పలచబడ్డదో, ఎవరు విత్తేటప్పుడు నిద్రపోయారో అన్నీ చెప్పి చెవులు పిండింది. చుట్టు పూర్తయ్యాక, "నన్ను గూడ సూపియ్ బిడ్డా" అంది. కెమెరా గుడిసె వైపు తిప్పాను. పచ్చ చీరలో ఒక చిన్న చుక్క. ఆమె చెయ్యెత్తింది, చుక్క కూడా చెయ్యెత్తింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

బజ్జీ అంటే మన మిరపకాయ బజ్జీ కాదు. శనగాకు, పచ్చి కందులు, పల్లీలు, చేతికందిన కూరగాయలన్నీ చింతపులుసులో మెత్తగా ఉడికించింది. నువ్వులద్దిన సజ్జరొట్టెతో, చల్లటి అంబలితో తింటే లేవబుద్ధి కాదు. ఖాజా భాయ్ మూడోసారి వడ్డించుకున్నాడు. దారిన పోయే ఇద్దరిని బాలయ్య చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఆ రోజు ఊళ్ళో హోటళ్ళు చాలావరకు మూసే ఉంటాయి, దిగులు పడకండి. ఏ చేను పక్కన నిలబడ్డా పిలిచి పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ప్రొపెల్లర్లను గదిలో సరిచేసుకున్నాం కదా అని కడ్డీనీ టేపునూ గదిలోనే వదిలి వెళ్ళకండి. ఎగరేసే చోటికి తీసుకెళ్ళండి. మొదట ఒక నిమిషం మనుషులకు దూరంగా ఎగరేసి, బొమ్మ వణుకుతుంటే దించి మళ్ళీ తూచండి. బరువైన వైపు అరగదీస్తే పోయింది పోయినట్టే, తేలిక వైపు కలిపితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇన్నేళ్ళూ నేను అరగదీయడానికే ముందు చెయ్యి పెట్టేదాన్ని. ఆ రోజు జీపులో కూర్చున్నాక ఆ అలవాటు పోయింది. ఎవరికైనా మోకాలు నొప్పంటే, ఇక వాళ్ళను ఏ పని నుంచి తప్పిద్దామా అనే మా ఇంట్లో కూడా ఆలోచిస్తాం. వాళ్ళకు ఇంకేం కలపొచ్చో ఎవరమూ అడగం. నిన్న నర్సమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో కర్ర పట్టుకొని నడుస్తోందట, వచ్చే అమావాస్యకు గట్టెక్కుతానంటోంది. "మరి నేను రానక్కర్లేదా పెద్దమ్మా?" అన్నాను. "రాకుంటె ఎట్ల?" అంది. "ముందు నేను నడుస్త. మంచం మీద నువ్వు కూసోని, నేనేడ మూల తప్పిన్నో సూడాలె."