ఐనో కాఫీ డబ్బా

తనకు కుదిరే రిలీజ్ ఏదో తేల్చుకోలేక తన పళ్లు నాలుగు తనే రాలగొట్టుకున్న విలుకాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అమెరికాలో మిషిగన్ ఉత్తర కొసన, మంచు సగం ఏడాది మాతోనే కాపురం ఉండే మా ఊళ్లో ఉన్నాడు. పేరు ఐనో లాహ్తీ.

కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు తాడును మావాళ్లు వేళ్లతో లాగరు. గుప్పిట్లో ఇమిడే చిన్న ఇనప కొక్కెం తాడుకు తగిలించి లాగి, మీట నొక్కితే బాణం పోతుంది. దాన్నే రిలీజ్ అంటారు. మామూలు మనిషికి ఒకటి ఎంచుకోవడానికి ఓ సాయంత్రం చాలు. ఐనో ఎంచుకోవడం మొదలుపెట్టినప్పుడు ఊళ్లో రైలు ఆగేది. ఇప్పుడు పట్టాలు కూడా లేవు.

కాఫీ డబ్బా నిండా రిలీజులు వేసుకుని తిరిగేవాడు. మణికట్టుకు కట్టుకుని చూపుడువేలితో నొక్కేవి, బొటనవేలితో నొక్కేవి, అసలు మీటే లేనివి. చర్చిలో ఒళ్లో తాడు ముక్క పెట్టుకుని లాగి చూసుకునేవాడు. పాస్టరు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా వెనక వరసలోంచి టిక్కుమనేది. చెమట చేతికి పట్టు జారుతుందేమో చూద్దామని సౌనాలోకి, అదే ఆవిరి స్నానాల గదిలోకి కూడా ఒకటి పట్టుకెళ్లాడు. అది ఎంత కాలిందంటే, తలుపు తెరవకుండానే బయటికొచ్చాడంటారు.

"పెళ్లికి మాత్రం నన్ను ఒక్కసారే చూసి ఒప్పుకున్నాడు. అదే నాకు అర్థం కాదు," అనేది భార్య హిల్మా.

ఎవరడిగినా ఐనో జవాబు ఒకటే. "ఇంకా చూస్తున్నా."

గురువారం సాయంత్రాలు వెర్నన్ ఇనప సామాన్ల కొట్టు వెనక షెడ్డులో పోటీలు. అక్కడ అందర్నీ ఓడించేది డార్లా, స్కూలు బస్సు నడిపే మనిషి. అలాంటి డార్లాకు కిందటి చలికాలం ఏదో పట్టుకుంది. గురి లక్ష్యం నడిమి పసుపు చుక్కను తాకీ తాకకముందే వేలు తనంతట తనే మీటను గుద్దేసేది. విలుకాళ్లలో ఉన్న జబ్బే. కానీ దాని పేరు ఎవరూ పైకి అనరు, అంటే అంటుకుంటుందేమోనని. డార్లా భుజం నొప్పి అని చెప్పింది. తర్వాత మోచెయ్యంది. చెప్పుకోవడానికి ఇంక కీళ్లు మిగలక, ఓ గురువారం విల్లు తెచ్చి వెర్నన్ బల్ల మీద పెట్టి, ఎవరికైనా అమ్మిపెట్టమంది. ఆ విల్లు లేకపోతే గురువారాలు ఏం చేసుకోవాలో ఆమెకే తెలీదు.

డబ్బా గలగలమంది.

"అమ్మేముందు నాకో సాయం చెయ్యి, అమ్మాయ్," అన్నాడు ఐనో. "నా చెయ్యి ముసల్ది, దాని మాట నమ్మలేను. వీటిల్లో ఏది ఉంచుకోవాలో నువ్వు వేసి చెప్పు."

కాదనలేక వేసింది. వేలు గుద్దింది. బాణం వెళ్లి వెర్నన్ గోడ గడియారంలో దిగింది. డార్లా తల దించుకుంది. ఐనో ఆమె చేతిలోంచి రిలీజ్ లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని బుద్ధి చూశారా? నాకు ముందే అనుమానం," అని డబ్బాలో పడేశాడు.

గడియారం మాత్రం ఆ రోజునుంచే సరైన టైము చూపిస్తోందని వెర్నన్ ఒట్టేస్తాడు.

వారం వారం ఇదే వరస. ఐనో పరీక్ష తేలలేదు గనక విల్లు అమ్మడానికి లేదు. బాణం తప్పినప్పుడల్లా తిట్లన్నీ రిలీజుకే. చూసి చూసి షెడ్డంతా దాన్నే తిట్టడం మొదలుపెట్టింది.

చివరికి మీట లేనిది బయటికి తీశాడు. వీపు బిగిస్తూ పోతే, దానికి తోచినప్పుడు అదే తాడు వదులుతుంది. డార్లా వెనక్కి తగ్గింది. లాగేటప్పుడే వదిలేసిందా, గుప్పిట వచ్చి మూతికి తగులుతుందని అందరికీ తెలుసు.

"అవన్నీ పుకార్లు. చూడు," అని ఐనో లాగాడు. సగంలోనే అది వదిలేసింది. ఆయన గుప్పిట వెళ్లి ఆయన మూతినే పలకరించింది. షెడ్డు పగలబడి నవ్వింది. వెర్నన్ కడుపు పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. అందరూ ఐనో పళ్ల కోసం బల్లల కింద వెతుకుతుంటే, డార్లా వైపు చూసే కన్ను ఒక్కటీ లేదు.

ఐనో రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, ఆమెను బాణాలు దిగే గడ్డి దిమ్మెకు దగ్గరగా నిలబెట్టాడు. కళ్లు మూసుకుని లాగమన్నాడు. దీని చప్పుడు ఎలా ఉందో తేల్చాలి, కళ్లు తెరిస్తే సరిగ్గా వినపడదన్నాడు.

మూసుకుంది. వేలికి పని లేదు. వీపు బిగిస్తూ పోయింది. బాణం ఆమెకు చెప్పకుండానే వెళ్లిపోయింది. డార్లాకు నవ్వొచ్చింది. ఆపుదామన్నా ఆగలేదు.

ఆకులు రంగు మారేసరికి పసుపు చుక్కకు మళ్లీ చిల్లులు పడుతున్నాయి. విల్లు బల్ల మీంచి ఇంటికెళ్లింది.

జింకల వేట మొదలైన పొద్దున, అడవి అంచున డార్లాకు ఐనో ఎదురయ్యాడు. కోటు జేబులోంచి రిలీజ్ తీసి మణికట్టుకు కట్టుకుంటున్నాడు. పట్టీ గాలం దారంతో కుట్టి కుట్టి ఉంది. మీట అరిగి తళతళలాడుతోంది. డబ్బాలో ఎన్నడూ చూడనిది.

"ఇదెప్పటిది?" అంది డార్లా.

"పెళ్లికి ముందుది."

"అంటే ఎప్పుడో తేల్చుకున్నావన్నమాట."

"ఇంకా చూస్తున్నా," అన్నాడు ఐనో, అడవికేసి చూస్తూ.

తనకు ముందు ఆ డబ్బా ఎవరెవరి ముందు గలగలమందో డార్లాకు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఒకప్పుడు వెర్నన్‌కు కూడా ఏదో మణికట్టు నొప్పి అన్నారు.

ఆ ఏడాది పోటీల విందులో డార్లా లేచి, షెడ్డంతా వినేలా, తనకోసం ఈ పెద్దాయన నాలుగు పళ్లు వదులుకున్నాడని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఐనో నోట్లో ఉన్న మాంసం ముక్కను ఎడమ దవడ నుంచి కుడి దవడకు మార్చుకున్నాడు.

"నాలుగు కాదు, ఒకటే. అదీ ముందునుంచీ కదులుతున్నదే."