ఇరవై నాలుగో లోకపు బూడిదదొర

తూకం బాబాయికి ఒకే ఒక్క వ్యసనం ఉండేది. కంటికి కనపడిన ప్రతిదాని బలాన్నీ బూడిదదొరలతో తూచి చెప్పకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు.

బూడిదదొర అంటే ఆయన పనిచేసే బొమ్మల కథల మాసపత్రికలో దుర్మార్గుడు. వాడు చెయ్యి చాపి ముట్టుకున్నది ఏదైనా సరే బూడిదైపోవలసిందే. అలాంటివాడు ఒక్కడుంటేనే నెలకో ఊరు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పత్రికలో ఏకంగా ఇరవై ముగ్గురున్నారు. మన లోకం పక్కన ఇంకో లోకం, దాని పక్కన మరొకటి, లోకానికో దొర. ఒకడు నిలువెల్లా నీలం. ఒకడికి చేతికి ఆరు వేళ్ళు. ఒకడు నోరు విప్పడు. వీళ్ళలో ఎవడికెంత బలం అని పాఠకులు ఉత్తరాలు రాస్తే, తేల్చి జవాబు చెప్పేది బాబాయే. నిజానికి ఆయన ఉద్యోగం బొమ్మల్లో పాత్రల మాటలు చేత్తో రాయడం. దాని గురించి అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాడు. దొరల బలం గురించి అడిగారా, కుర్చీ లాగి కూర్చోబెట్టేవాడు.

మొదటి లోకపు దొర బలం నూరు. ఆయనకు అదే కొలబద్ద. ఆఫీసు మెట్ల దగ్గరి తలుపు ముప్ఫై, వానలకు ఉబ్బితే నలభై. యజమాని కోపం తొంభై ఆరు, భోజనం అయ్యాక డెబ్బై. "మా ఆవిడ మాట్లాడ్డం మానేస్తే నూట అరవై. దానికి పైన నీలం దొర కూడా లేడు" అనేవాడు. ఇదంతా నవ్వుతూ చెబితే సరదాకి అంటున్నాడనుకోవచ్చు. ఆయన ఎక్స్‌రే చూస్తున్న డాక్టరులా మొహం పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాత చెప్పేవాడు. ఎదుటివాడికి తన ఎముకలే విరిగాయేమో అన్నంత అనుమానం వచ్చేది.

కొత్త సంపాదకురాలు చేరిన రోజున ఆమెను కూడా ఎగాదిగా చూసి, "ఎనభై రెండు" అన్నాడు.

"ఏమిటండీ?"

"నీ బలం అమ్మా. కంగారు పడకు, పెరుగుతుంది."

ఆమె అంతకుముందు పదేళ్ళు పాఠ్యపుస్తకాలు తయారుచేసిన మనిషి. తప్పు కనపడితే ఎర్రగీత, సందేహం ఉంటే రెండు ఎర్రగీతలు. ఎనభై రెండు అనిపించుకోవడం ఆమెకు చిర్రెత్తించింది. అందులోనూ యజమాని ఆమెను పిలిపించిందే ఈ దొరల సంత సర్దడానికి.

"ఇరవై ముగ్గురేమిటమ్మా, ఎవడు ఎవడో నాకే తెలియడం లేదు. ఒక్కణ్ణి ఉంచి మిగతావాళ్ళని తగలబెట్టెయ్. ఒకే సంచికలో అయిపోవాలి" అన్నాడు యజమాని.

ఆ కబురు ఆమె బాబాయికి చెప్పింది. బాబాయి రాస్తున్న అక్షరం పూర్తిచేసి, పెన్ను మూత పెట్టాడు.

"ఎవరిని ఉంచుతావు?"

"మొదటివాణ్ణి."

"మొదటివాడు నూరు. నీలం దొర నూట నలభై. నూరు చేతిలో నూట నలభై చచ్చాడంటే ఎవరు నమ్ముతారమ్మా?"

"కథే కదా బాబాయ్. మనం ఎలా రాస్తే అలా."

"కథ ఎలాగైనా రాసుకో. బలం మాత్రం ఉన్నదే ఉంటుంది."

ఆ మొహంతో వాదన పెట్టుకోవడం గోడతో పెట్టుకోవడమే. ఆమె చివరికి దొరల వివరాలు రాసి పెట్టుకున్న పుస్తకం ఇమ్మని అడిగింది. ఆయన సొరుగులోంచి తీసి, రెండు చేతులతో అందించాడు. ప్రతి పేజీకీ ఒక లోకం, ఏ నెల పుట్టింది, దొర బలం ఎంత, ఎందుకంత. అంచున మాత్రం సన్నగా ఒకే మాట ఉంది. నీలం దొర పక్కన 'రంగులు'. ఎడమచేతి దొర పక్కన 'మెషిన్'. ఆరు వేళ్ళ దొర పక్కన 'బొమ్మ'. ఆ మాటలు ఎందుకున్నాయో ఆమెకు బోధపడలేదు. ఎర్రపెన్నుతో ఒక్కొక్కరినీ కొట్టేస్తూ పోదామని పుస్తకం పక్కన పెట్టుకుంది.

తగలబెట్టే సంచికకు బొమ్మలు వేసి తేవలసింది బొమ్మల పెద్దాయన. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బూడిదదొరను గీస్తున్నది ఆయనే. చెప్పిన రోజుకే కథ మొదట్లోని పన్నెండు పేజీలూ తెచ్చాడు. తెచ్చాడే గానీ బల్ల మీద పెట్టడే. పేజీలున్న అట్టను గుండెకు అదుముకుని నిలబడ్డాడు.

"ఇవ్వండి, సాయంత్రం నాలుగింటికి యజమానిగారు చూస్తానన్నారు."

ఆమె అట్ట విప్పింది. ప్రతి గీతా వణుకుతోంది. దొర బూడిద చేస్తున్న ఊళ్ళో మేడలు నీళ్ళలో నీడల్లా ఉన్నాయి. దొర అంగీ అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. ఒక్క దీపస్తంభం తిన్నగా లేదు.

"పెన్ను మొండికేసిందమ్మా" అన్నాడు పెద్దాయన. ఆయన జేబులో పెన్ను కొత్తది. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అలా పట్టుకున్నా అది ఆగడం లేదు.

"ఎన్నాళ్ళుగా?"

"ఆరు నెలలు. ఇన్నాళ్ళూ రాత్రీ పగలూ గీసిందే మళ్ళీ మళ్ళీ గీసి నెట్టుకొచ్చాను. ఈసారి అవలేదు." ఆయన కిటికీ వైపు చూశాడు. "ఇంటికి పొమ్మంటే ఏం చెయ్యాలో తెలియదమ్మా. నాకు వచ్చిన పని ఇదొక్కటే."

యజమాని చెడ్డవాడేమీ కాదు. కానీ కాగితాలు కత్తిరించే పాత మెషిన్ను వీధిలో పెట్టించిన రోజున, "పని చెయ్యనిది చోటు ఆక్రమించకూడదు" అని ఎంత మామూలుగా అన్నాడో ఆమె విన్నది. నాలుగు గంటలకు ఈ పేజీలు చూసి ఏమంటాడో ఆమెకు తెలుసు. ఎర్రపెన్ను ఇలాంటిచోట ఎందుకూ పనికిరాదు.

పక్క బల్ల నుంచి బాబాయి లేచి వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని పన్నెండు పేజీలూ ఒక్కొక్కటే చూశాడు. ఒక పేజీకి వెనక్కి వెళ్ళాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఈ పేజీల్లో దొర మనవాడు కాదు. కొత్తవాడు. ఇరవై నాలుగో లోకం."

"బాబాయ్, ఇవాళ వద్దు" అంది ఆమె.

"ఆ లోకంలో నేల క్షణం కూడా నిలవదు. చూడు, మేడలెలా ఊగుతున్నాయో."

"అది చెయ్యి వణకడం బాబాయ్."

"మనకి చెయ్యి. చదివేవాడికి లోకం" అని, రాయవలసిన మాటలు చాలా ఉన్నట్టు వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు ఆమెకు పుస్తకం అంచున ఉన్న 'రంగులు' అన్న మాట గుర్తొచ్చింది. పుస్తకం పట్టుకుని రంగుల గదికి నడిచింది. అక్కడ రంగులు కలిపే అక్క, మోచేతుల దాకా పసుపు పులుముకుని ఉంది.

"అక్కా, నీలం దొర ఎలా పుట్టాడు?"

అక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న వారం. నాకు నిద్ర లేదు. బూడిద రంగు కలపబోయి నీలం కలిపాను. పత్రిక మొత్తం అచ్చయిపోయాక గానీ చూసుకోలేదు. యజమానిగారు కేకలేసుకుంటూ వచ్చారు. బాబాయి ఎదురెళ్ళి, 'ఈయన వేరే లోకపు దొరండీ, నూట నలభై' అన్నాడు. ఆ మొహం చూసి కాదనేవాళ్ళెవరు?"

"ఎడమచేతి దొర?"

"అచ్చు మెషిన్ మాస్టారికి కూతురు పుట్టిన రోజు. ఆ సంబరంలో పేజీ తిరగేసి బిగించాడు. బొమ్మలే కాదు, అక్షరాలు కూడా తిరగబడ్డాయి. ఆ లోకంలో అందరూ అలాగే రాస్తారని బాబాయి తేల్చేశాడు. పాఠకులు అద్దాలు పట్టుకుని మరీ చదివారు."

ఆమె అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. ఇరవై రెండు లోకాలూ ఇరవై రెండు పొరపాట్లు. జ్వరంతో వచ్చినవాడిది ఒకటి, ఇంట్లో గొడవపడి వచ్చినవాడిది ఒకటి. ఎవరి పొరపాటుకు పుట్టిన దొరకైనా నూరుకు పైనే పడింది. నోరు విప్పని దొరకు ఒక్కడికే అరవై. అంచున 'మాటలు' అని ఉంది. ఒక నెల బాబాయే మాటలు రాయడం మరిచిపోయాడన్నమాట. అందరివీ పెద్దవి చేసిన మనిషి, తనదాన్ని మాత్రం అట్టడుగున పెట్టుకున్నాడు. ఈయన్నా నేను పిచ్చివాడనుకున్నది అని ఆమెకు సిగ్గేసింది. ఎర్రపెన్ను అక్క బల్ల మీదే వదిలేసి వచ్చింది.

యజమాని నాలుగింటికి సరిగ్గా వచ్చాడు. మొదటి పేజీ చూశాడు. రెండోది చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏమిటిది? గీతలు ఇలా ఉన్నాయేమిటి?"

పెద్దాయన నోరు తెరవబోయాడు. ఆమె ముందుకొచ్చింది.

"ఈయన ఇరవై నాలుగో లోకపు దొరండీ. ఆ లోకంలో నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది."

పాఠ్యపుస్తకాల మనిషి నోట ఆ మాట రావడం విని మెషిన్ మాస్టారు చేతిలోని టీ ఒలకబోసుకున్నాడు. యజమాని ఆమెను, పేజీలను మార్చి మార్చి చూశాడు.

"బలం ఎంత?"

ఆమె బాబాయి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. ఇక తప్పదని, "మూడు వందలు" అంది.

"అంత లేదు" అన్నాడు బాబాయి.

ఈ మహానుభావుడు ఇప్పుడు కూడా తూకం వదలడా అనుకుంది ఆమె.

"రెండు వందల తొంభై" అన్నాడు బాబాయి. "నిలకడైన నేల మీద నిలబడి ఊళ్ళు బూడిద చెయ్యడం ఏమంత గొప్పండీ. ఈయన కాళ్ళ కింద నేల ఆగదు, ఎత్తిన చెయ్యి ఆగదు. అయినా పన్నెండు పేజీల్లో ఒక్కచోట కూడా గురి తప్పలేదు. చూసుకోండి."

యజమాని చూసుకున్నాడు. నిజంగానే ఎక్కడా తప్పలేదు. పెద్దాయన తల వంచుకుని తన చేతిని చూసుకుంటున్నాడు.

"అంటే అందరికంటే వీడే బలవంతుడా?"

"ఇప్పటివరకూ ఇంత బలం నేను తూచలేదు."

"మరి మిగతావాళ్ళని తగలబెట్టేది?"

"మొదటివాడు నూరే కదండీ. ఈయన్ని దాటి మిగతావాళ్ళని ఎలా తగలబెడతాడు?" అంది ఆమె.

యజమాని గడ్డం గోక్కున్నాడు. భోజనం అయినవాడే కనుక డెబ్బై దగ్గరే ఉన్నాడు. "సరే, అలాగైతే నెలనెలా వీడి కథే వెయ్యండి. వేరేవాళ్ళు గీస్తే ఈ వణుకు రాదు, పెద్దాయన్నే గియ్యమనండి" అని వెళ్ళిపోయాడు.

పెద్దాయన కళ్ళు ఒత్తుకుని, ముక్కు చీదుకుని, బాబాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఆ అమ్మాయి నిండుగా మూడు వందలిచ్చింది కదరా. మధ్యలో నువ్వెవడివి పది కోయడానికి?"

"నేను కోయలేదు అన్నయ్యా. తొమ్మిదో పేజీలో దీపస్తంభం పక్కన ఒక గీత తిన్నగా వచ్చింది. అక్కడ లోకం కాసేపు ఆగింది."

పెద్దాయన పేజీ తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఉంది. చిన్న గీత, దారం లాగి కట్టినట్టు తిన్నగా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇంటికెళ్ళి పడుకో అన్నయ్యా, రేపు చూద్దాం" అన్నాడు బాబాయి.

"నువ్వు వెళ్ళు. ఆ పదీ నాకు కావాలి" అన్నాడు పెద్దాయన, వణికే చేతిని కాగితం మీద ఆనించి.