కడగాల్సిన రీలు

పుణెలో ఉద్యోగానికి చేరి ఏడాదైనా మనోజ్ఞను పేరు పెట్టి పిలిచేవాళ్లు దొరకలేదు. సాయంత్రాలు గడవక పాత రీలు కెమెరా కొనుక్కుంది. ఆఫీసు నుంచి కాళ్లీడ్చుకుంటూ వస్తూ వారానికొక్క ఫోటో తీసేది. చేతిలో కెమెరా లేనప్పుడూ బొటనవేలు రీలు తిప్పుతున్నట్టే కదిలేది. రీలు నిండాక, చిల్లకల్లులో బస్సు దిగి జగ్గయ్యపేట ఇంటికొచ్చింది. "నాయనమ్మా, దీన్ని నందిగామలో కడిగించాలి" అంటూ రీలు బల్ల మీద పెట్టి, పడి నిద్రపోయింది.

లేచేసరికి నాయనమ్మ నాగేంద్రమ్మ కొస పట్టి రీలంతా బయటికి లాగి, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో దండేనికి ఆరేసింది.

"కడగటానికి నందిగామ దాకా దేనికే, అలిసిపోయొచ్చావు గదా!"

వెలుతురు తగిలి ముప్పయ్యారు ఫోటోలూ పోయాయి. మనోజ్ఞ తడి రీలును వేళ్లతో నిమిరింది. సంగతి తెలిసి ముసలావిడ బెదిరిపోయింది.

"అయ్యో, ఎవరెవరున్నారే అందులో?"

"ఎవరూ లేరులే, నాయనమ్మా."