సీతమ్మ అలిసి కూర్చున్న రాయి

సదయ్యకు ఒక్కటే జబ్బు. రామగిరి ఖిల్లా మీద పురాణంతో చుట్టరికం లేని రాయి ఒక్కటైనా ఉందంటే ఒప్పుకోడు. నల్లరాయి కనిపిస్తే రాముడి పొయ్యిగడ్డ, తెల్లరాయి కనిపిస్తే సీతమ్మ ఆరేసిన చీర, గుండ్రంగా ఉంటే హనుమంతుడు ఆడుకున్న బంతి.

ఈ జబ్బుతో అసలు బాధపడింది గులాం అలీ. ఇద్దరిదీ గోదావరిఖనిలో ఒకే గని, ఒకే షిఫ్టు. వారమంతా భూమి కింద విన్న కథలే ఆదివారం కొండ మీద మళ్ళీ వినాలి. ఎందుకంటే స్కూటరు అతనిది.

కొంచెం పైకెక్కితే దూరంగా రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి.

"సూసినవా గులాం భాయ్? రాముడు యాగం జేసిన గుండం గదే. కలియుగంల మళ్ళ పొగ లేస్తదని అప్పుడే జెప్పిన్రు."

"గాడ కాలేది మనం తవ్విన బొగ్గు సదన్నా!"

"అంటే సమిధలు మనమే ఇస్తున్నమన్నట్టు!" అని సదయ్య ఇంకా పొంగిపోయాడు.

అవి ఉద్యమం జోరుమీదున్న రోజులు. తెలంగాణ వస్తుందని కూడా కొండ మీద రాసి ఉందన్నాడు.

"ఏ తారీఖు?"

"తారీఖు కాడ నాచు వట్టింది."

శ్రావణంలో కొండకు వచ్చేవాళ్ళకు మాత్రం సదయ్య కథలంటే ప్రాణం. అందరినీ ఒక పలకరాయి దగ్గర ఆపేవాడు. "సీతమ్మ అలిసి గీడనే కూసున్నది. మీరు గూడ జరసేపు కూసోవాలె. లేకుంటే పుణ్యం దక్కది." వాళ్ళు కూర్చునేవారు. కూర్చున్నాక దాహం గుర్తొచ్చేది. పక్కనే సారవ్వ మజ్జిగ కుండ ఉండేది. వెనకాముందు ఎవరూ లేని ఆ ముసలామెకు శ్రావణమాసమే పెద్ద పంట.

ఆ ఏడు మంచిర్యాల నుంచి నలభై మంది దిగారు. వాళ్ళలో రఘుపతి సారు ఉన్నాడు, ఏటా కొండకు వచ్చే రిటైరైన తెలుగు పంతులు. సదయ్య కొండ మొదట్లోనే ఒక రాయి చూపించి కథ ఎత్తుకోగానే సారు చెయ్యెత్తాడు.

"ఆగు సదయ్యా. పోయినేడు గీ రాయి సగం కొండ మీదుండె. అంతకుముందేడు పైన దర్వాజ కాడుండె. సీతమ్మ కూసున్నదా, జారుకుంట వచ్చిందా?"

జనం గొల్లుమన్నారు. సదయ్య వంగి ఆ రాయి మీది దుమ్ము తుడవసాగాడు. గులాం అలీకి ముందు సంబరమే అనిపించింది. ఇన్నాళ్ళకు దొరికాడు!

అంతలో అతని చూపు సారవ్వ మీద పడింది. మోకాళ్ళు రుద్దుకుంటోంది. అంతకుముందేడు దర్వాజ దాకా ఎక్కిన మనిషి, పోయినేడు సగంలోనే ఆగిపోయింది. ఈ ఏడు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. సారవ్వ ఎక్కగలిగినంత వరకే సీతమ్మ కూడా ఎక్కి అలిసిపోతోందన్నమాట! కానీ కొండ మొదట్లో ఎవరికి దాహమేస్తుంది? జనం నవ్వుకుంటూ మెట్ల వైపు కదిలారు. సారవ్వ కుండ మీద మూత పెట్టేసింది.

"సార్!" అన్నాడు గులాం అలీ. తన నోట పురాణం వస్తుందని అతనికే తెలియదు. "ఎక్కిన సీతమ్మ దిగద్దా? ఎక్కి దర్వాజ కాడ కూసున్నది. దిగుకుంట నడుమ కూసున్నది. ఆఖరికి గీడ కూసున్నది. కాళ్ళకు చెప్పులు గూడ లేకపాయె. మూడుసార్లు కూసోదా?"

సారు అతన్ని చూశాడు, సదయ్యను చూశాడు, తర్వాత సారవ్వ మోకాళ్ళను చూశాడు. ముప్పై ఏళ్ళు పిల్లల సాకులు విన్న మనిషి. వెనక్కొచ్చి మెల్లగా ఆ రాయి మీద కూర్చున్నాడు.

"కూసుంటది, ఎందుకు కూసోదు? అవ్వా, ఓ గిలాస సల్ల పొయ్యి."

ఆయన వెనక నలభై మందీ బిలబిలా కూలబడ్డారు. మధ్యాహ్నానికి కుండ అడుగంటింది.

తిరిగి వెళ్ళేటప్పుడు సదయ్య నిలదీశాడు. "దిగేటప్పటి ముచ్చట నాకే తెల్వది. నీకెవలు జెప్పిన్రు భాయ్?"

గులాం అలీ స్కూటరు కిక్కు కొట్టాడు. "అది ఇడిసిపెట్టు. వచ్చే ఏడు అవ్వ ఇల్లు గూడ కదలకపోతే ఏం జేస్తవో, దాని ఫికర్ చెయ్యి."

"దానికి ఫికరెందుకు?" అంటూ సదయ్య వెనక సీటు మీద సర్దుకు కూర్చున్నాడు. "సారవ్వోళ్ళిల్లు సీతమ్మకు మేనత్తగారిల్లు. నీకు తెల్వదా?"