గంధం తిన్న చిప్పుకు కొత్త కాలు

రేణిగుంట స్టేషన్ రోడ్డులో మిక్సీలు, రిమోట్లు బాగుచేసే స్టెల్లాకు చెయ్యి ఎంత నిలకడో నోరు అంత దూకుడు. పెళ్ళికి ముందు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో భూతద్దం కింద ఫోన్ బోర్డులకు టంకం పెట్టిన చెయ్యి అది. ఇప్పుడు సొంత షాపు, పైన ఎర్రటి అక్షరాల్లో సొంత పేరు. ఆ పేరుకే ఒకరోజు ముప్పొచ్చింది, అదీ తన నోటివల్లే.

తిరుపతిలో ఒకప్పుడు టైపు నేర్పిన సుందరవల్లి గారు మీటల పలకలోనే అంతా ఇమిడి, టీవీకి తగిలించుకునే తన కాలంనాటి కంప్యూటర్‌ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చారు. ఆమెకు అదంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఏటా ఆయుధపూజకు దాని మూత విప్పి లోపలున్న పెద్ద చిప్పుకే గంధం, కుంకుమ పెట్టేవారు. బయట పెడితే చాలదట. పనిచేసేది లోపలిది కదా, మర్యాద దానికి జరగొద్దా? ఆ తడి గంధం చిప్పు కాళ్ళను, అంటే బోర్డులో దిగే సన్నటి లోహపు పిన్నులను, మెల్లగా తినేసింది. మొన్న ఆవిడే చిప్పును ఊడదీసి తుడవబోతే ఒక కాలు మొదలంటా విరిగింది.

"గంధం ఒకటేనా టీచరమ్మా, దీనికి సీమంతం గూడా చేసినారా?" అంది స్టెల్లా.

"చేసుంటే పిల్ల కంప్యూటరన్నా పుట్టుండేది. ముందు కాలు అతికించు పాపా, ఎగతాళి తర్వాత."

ఎదురు షాపులో సెల్‌ఫోన్లు బాగుచేసే మునిప్రసాద్ వచ్చి తొంగిచూశాడు. "అక్కా, ఈ చిప్పు ఇప్పుడు యాడా దొరకదు. వేడెక్కువైతే సచ్చిపోతాది. మనకెందుకు, పంపించెయ్."

"వెలగకపోతే నా పేరు బోర్డు నేనే దించుతా, పో."

అనేశాక గాని ఏం పందెం కాసిందో తెలియలేదు. ఆ బోర్డు రంగు వాసన కూడా ఇంకా పోలేదు.

కాలు మొదలు చిప్పు ఒంట్లోనే ఉండిపోయింది. సన్నటి ఆకురాయితో నల్లటి పెచ్చు గీకి, లోపలి లోహం తళుక్కుమనేదాకా తేల్చింది. పాడైన రేడియోలోంచి సన్న తీగ కత్తిరించి కొత్త కాలు చేసింది. ఇక టంకం పెట్టే ఐరన్ కాలే మొన తాకించాలి. సరిగ్గా అప్పుడే సుందరవల్లి గారు చిప్పు మీదికి వంగి, "ఓర్చుకో నాయనా, చీమ కుట్టినట్టుంటాది అంతే" అన్నారు.

స్టెల్లాకు నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి వణికింది. ఐరన్ పక్కన పెట్టి నీళ్ళు తాగబోతే పొలమారింది. "మీరు మాట్లాడొద్దమ్మా, నీకు దండం పెడతా" అని మీరూ నువ్వూ కలిపేసింది. ఆవిడ బుద్ధిగా కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ ముఖం చూసి నవ్వు ఇంకా ముదిరింది. ముసలావిడ భుజాలు కూడా ఎగరడం మొదలుపెట్టాయి.

"నిచ్చెన తెచ్చేదా అక్కా, బోర్డు దించేదానికి?" అన్నాడు మునిప్రసాద్.

అంతే, నవ్వు తెగింది. చెయ్యి రాయిలా నిలబడింది. ఒక్క తాకుడు, చిన్న పొగ. కాలు పట్టుకుంది.

చిప్పును కంప్యూటర్ లోపలి బోర్డులో కూర్చోబెట్టి, షాపు టీవీకి తగిలించి స్విచ్ నొక్కింది. నలుపు. ఇంకా నలుపే. స్టెల్లా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి తెర మూలన తెల్లటి చుక్క మిణుకు మిణుకుమంటోంది. ఇద్దరు ఆడవాళ్ళూ చేతులు పట్టుకుని ఆ ఇరుకు షాపులో గిర్రున తిరిగితే పైనున్న మిక్సీ జార్లు గలగలలాడాయి.

మునిప్రసాద్ మెల్లగా ఒక వేలు చాచి కంప్యూటర్ మీద ఒక అక్షరం మీట నొక్కబోయాడు. సుందరవల్లి గారు చటుక్కున ఆ వేలి మీద కొట్టారు.

"కోడి గింజలేరినట్టు ఏందప్పా అది? ఈడ కూర్చో. పది వేళ్ళూ పెట్టు. ఊఁ, చిటికెన వేలితో మొదలుపెట్టు."

రోడ్డుకవతల అతని గిరాకీలు కేకలేస్తున్నాయి. లేవబోతే ఆవిడ లేవనివ్వలేదు. స్టెల్లా వాళ్ళకు ఇవతలి నుంచే చెప్పింది: "రాడప్పా, క్లాసులో ఉండాడు."