మంచినీళ్లలో నూరువరహాలు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు నూరువరహాల చెట్టు ఉండేది. శనివారం దాని పూలు కోసి, ఆదివారం చర్చికి పట్టుకెళ్లడం నా పని. ఆ గొప్పతో తోటిపిల్లల ముందు తెగ ఫోజు కొట్టేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం, షిఫ్టు మారే వేళ కాకుండానే సైరన్ మోగింది. అలా మోగితే గనిలో ప్రమాదమని మా వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. పొద్దుటి షిఫ్టులో మా నాన్న, మా చర్చికే వచ్చే పక్కింటి కాక ఇద్దరూ కలిసే దిగారు. అమ్మ, కాక భార్య చిన్నమ్మ చెప్పులైనా వేసుకోకుండా గని గేటు వైపు పరుగెత్తారు. నేనూ ఉరకబోతే మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, రెక్క పట్టి ఆపింది.

"ఏడికే? రేపు చర్చికి పూలు కావాలె. కత్తి తే."

నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకొడుకు భూమి లోపలుంటే ఈ ముసలిదానికి పూలేమిటి అనుకున్నాను. ఏడుస్తూనే కొమ్మలు కోసి, డ్రమ్ములోని నీళ్లు బకెట్లో పట్టి అందులో పెట్టాను. అవి గని నుంచి తోడిపోసే నీళ్లు, గిన్నెలు తోమడానికే పనికొస్తాయి. అవ్వ వాటిని పారబోసింది.

"గా నీళ్లల్ల పెడితే పొద్దుగూకేసరికి వాడిపోతయ్. బిందెలయి తే."

బిందెలోవి తాగే నీళ్లు. గ్లాసెడు ఒలికితేనే వీపు విమానం మోత మోగించే మనిషి, ఆ రోజు సగం బిందె ఒంపేసింది. కింది ఆకులు దూసి, మొదలు ఏటవాలుగా కోసి, ఆ కొసే నిలువుగా చీల్చి, పూల కిందిదాకా ముంచి నీడన పెట్టమంది. చేతులు ఆ పని చేస్తున్నా నా చెవులు గేటు వైపే ఉన్నాయి. అవ్వ ఇంకా కొయ్యమంటూనే ఉంది. చెట్టు సగం బోడి అయిపోయింది.

"చర్చికి గిన్ని పూలెందుకవ్వా?" అన్నాను.

ఆమె గని గేటు వైపు ఓసారి చూసింది. "ఎవ్వరికైతేంది బిడ్డా. వాడిపోవద్దు, అంతే."

అప్పుడర్థమైంది నాకు. ఆ పూలు నాన్నకే కావచ్చు. అయినా ఇంకో కొమ్మ తీసుకుని చీల్చాను.

దీపాలు పెట్టే వేళకు నాన్న వచ్చాడు, ఒంటినిండా బొగ్గు. నేను ఆయన్ను చుట్టుకుని, కేకలు పెడుతూ గంతులేశాను. అవ్వ గబుక్కున నా నోరు మూసింది. కాక ఇక రాడని నాన్న గొంతు తగ్గించి చెప్పాడు.

తెల్లారి చూస్తే ఒక్క పువ్వూ వాడిపోలేదు. అన్నీ పక్కింటి కాక శవపెట్టె మీదికే వెళ్లాయి.

ఆ గంతులకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాన్న బతికొచ్చినందుకు ఇప్పటికీ సంతోషపడతాను. ఈ రెండూ నాతోనే ఉన్నాయి. పూలు కోస్తే ఈనాటికీ కొస చీల్చి, తాగే నీళ్లలోనే పెడతాను. "ఎవరికమ్మమ్మా?" అని మనవరాలు అడుగుతుంది. ముందు వాడిపోకుండా చూడమంటాను.